ఆమోదిత కుందేలు

కుందేలు తొడ ఎముకను అడ్డంగా కోసి, పలచగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెడితే ఏం కనిపిస్తుందో చెప్పగలిగినవాళ్లు మన రాష్ట్రంలో ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్లలో నేనొకణ్ణి. మిగతావాళ్లెవరో నాకూ తెలియదు. ఈ విషయం మీదే నాకు డాక్టరేటు ఇచ్చారు. ఆ సిద్ధాంత గ్రంథాన్ని నేను పూర్తిగా చదివాను, మా గైడుగారు సగం చదివారు, టైపు చేసిన అమ్మాయి మొత్తం చదివి ఉద్యోగం మానేసింది. మా ఆవిడ బరువు చూసి మెచ్చుకుని ఊరగాయ జాడీ మూత మీద పెట్టుకుంది. అయినా సరే, ఆ పుస్తకమంటే నాకు ప్రాణం. ఎవరైనా దాని జోలికి వస్తే ఊరుకోను. ఎవరూ రాలేదు కాబట్టి ఆ సంగతి లోకానికి తెలియలేదు, అంతే.

అసలు విషయం చాలా చిన్నది. ఎముక పైకి రాయిలా కనిపిస్తుంది గానీ, లోపల సన్నటి నాళాలుంటాయి. ఆ నాళాల చుట్టూ, కోసిన ఉల్లిపాయలో ఉన్నట్టు, వలయాలుంటాయి. వలయాల మధ్య చిన్న చిన్న గుంతల్లో కణాలు కాపురం చేస్తుంటాయి. పుస్తకాల్లో వేసే బొమ్మలో ఈ వలయాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా కిక్కిరిసి ఉంటాయి. కుందేలుది అలా కాదు. మధ్యలో వలయాలుంటాయి. బయటి అంచునా, లోపలి అంచునా మాత్రం వలయాల్లేని నాళాలు నిలువునా పోతుంటాయి. అంతే. ఈ "అంతే" కోసం నేను నా యౌవనమంతా ఖర్చుపెట్టాను.

మా పశువైద్య కళాశాల రాయలసీమలో, వాన దారితప్పితే తప్ప రాని ఒక ఊళ్లో ఉంది. మా విశ్వవిద్యాలయానికి ఏటా ఒక జ్వరం వస్తుంది. ఒక ఏడు యోగా వచ్చింది, ఒక ఏడు మొక్కలు నాటడం వచ్చింది. ఈ ఏడు ఏకరూపత వచ్చింది. అన్ని కళాశాలల గేట్లకూ ఒకే రంగు వేశారు. అన్ని గంటలూ ఒకే శబ్దం చెయ్యాలన్నారు. మా గంట పాతది, దానికి జలుబు చేసినట్టుంటుంది. దాన్ని తీసేసి స్పీకరు పెట్టారు. తర్వాత ఆ జ్వరం మైక్రోస్కోపుల దాకా పాకింది.

"విశ్వవిద్యాలయ పరిధిలోని సమస్త స్లైడులూ ఆమోదిత పటంతో సరిపోలవలెను. సరిపోలనివి గుర్తించి, సరిపోలునట్లు తగు చర్య గైకొనవలెను" అని ఉత్తర్వు వచ్చింది.

ఎముకకు ఆమోదిత పటం ఒక్కటే, పుస్తకాల్లోని ఆ కిక్కిరిసిన వలయాల బొమ్మ. కింద జంతువు పేరుకు ఖాళీ వదిలారు. గొర్రె వస్తే గొర్రె అనీ, కుందేలు వస్తే కుందేలు అనీ రాసుకోవాలి. ఆ పటాన్ని ఆమోదించిన సంఘంలో నేనూ సభ్యుణ్ణే. ప్రమాణాల డైరెక్టరు విరూపాక్షయ్య గారు "ఎముక ఎముకే కదండీ" అన్నప్పుడు, కుందేలు సంగతి చెబుదామని నోరు తెరిచాను. నా ప్రొఫెసరు పదోన్నతి ఫైలు ఆయన దగ్గరే ఉందని గుర్తొచ్చింది. తెరిచిన నోట్లో బిస్కెట్టు పెట్టుకుని సంతకం చేశాను.

ఆ బిస్కెట్టు అరగకముందే ప్రాక్టికల్ పరీక్షలు జరిగాయి. బయటి పరీక్షకులు వచ్చి, పటం పక్కన పెట్టుకుని దిద్దారు. ఫలితాలొచ్చిన రోజు మొదటి సంవత్సరం పిల్ల కుళ్లాయమ్మ నా గదికొచ్చి గుమ్మంలో నిలబడింది. బక్కపలచటి పిల్ల. ఏడవడం లేదు గానీ, ఏడుపు అయిపోయి వచ్చినట్టుంది.

"సార్, ఎముక బొమ్మకు సున్నా ఏసినారు. దాంతో ప్రాక్టికల్ పోయింది."

"ఏం గీశావమ్మా?"

"చూసిందే గీసినా సార్."

పేపరు తెప్పించి చూశాను. చూసి, కుర్చీలో వెనక్కి వాలాను. మధ్యలో వలయాలు, రెండు అంచులా వట్టి నాళాలు. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో కుందేలు ఎముకను కుందేలు ఎముకలాగా గీసిన మొదటి విద్యార్థి! మిగతావాళ్లంతా మైక్రోస్కోపులో ఒక కన్ను పెట్టి, రెండో కంటితో గోడమీది పటం చూసి గీస్తారు. ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి మళ్లీ చూశాను.

"చాలా బాగా గీశావమ్మా" అన్నాను.

"అయితే మార్కులు ఏస్తారా సార్?"

"అది వేరే విషయం."

ఆ పిల్ల కదల్లేదు. "ఏడాది పోతే హాస్టలు పోతాది సార్. మాయమ్మ గొర్రెలు మేపి సదివిస్తాండాది. పోయినేడు నన్ను పంపేదానికే ఊరంతా వద్దన్యారు. ఇప్పుడు తప్పిందంటే ఇంక పంపదు. తప్పు నాదైతే చెప్పండి, పోతా."

"నీ తప్పేం లేదమ్మా. తప్పంతా కుందేలుది" అన్నాను నవ్వుతూ. ఆ పిల్ల నవ్వలేదు. నవ్వకపోవడమే సరైన పని అని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం నేను విశ్వవిద్యాలయానికి నోటు రాయడానికి కూర్చున్నాను. బొమ్మ సరైనదే, పటమే తప్పు అని రాస్తే ఒక్క వాక్యంలో పని అయిపోయేది. కానీ పటం మీద నా సంతకం ఉంది. బొమ్మ తప్పు అని రాస్తే ఆ పిల్ల పోతుంది. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. చాలాసేపు ఆలోచించి ఇలా రాశాను: "విద్యార్థినియందు దోషము లేదు. ఆమోదిత పటమునందును దోషము లేదు. వ్యత్యాసము కుందేలునందు ఉన్నట్లు తోచుచున్నది."

రాశాక మళ్లీ చదువుకుని, నాలో ఇంత లౌక్యం ఉందని మా ఆవిడకు తెలియదే అని బాధపడ్డాను.

పదిరోజుల్లోగా జవాబొచ్చింది. కుందేలు మీద విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు విరూపాక్షయ్య గారు. విచారణ ముగిసేదాకా కుళ్లాయమ్మ ఫలితం నిలిపి ఉంచారు. కొత్త సెమిస్టరు మొదలయ్యేలోగా తేలకపోతే ఆమె తప్పినట్టే లెక్క.

విరూపాక్షయ్య గారు పూర్వాశ్రమంలో వ్యవసాయ అర్థశాస్త్రం చెప్పేవారు. ఆయన వచ్చి, కోటు సవరించుకుని, మైక్రోస్కోపు ముందు కూర్చుని చాలాసేపు చూశారు.

"నల్లటి గీతలు కనిపిస్తున్నాయి. పైనుంచి కిందికి వంగి ఉన్నాయి. కదులుతున్నాయి కూడా" అన్నారు.

అవి ఆయన కనురెప్పల వెంట్రుకలు. కొత్తవాళ్లందరికీ మొదట అవే కనిపిస్తాయి. చెబుదామనుకున్నాను గానీ, అప్పటికే స్టెనో రాసేసుకుంది.

"ద్వారకనాథ్ గారూ, ఈ కుందేళ్లు ఎంతకాలంగా నిబంధనలకు విరుద్ధంగా ఉంటున్నాయి?"

"మొదటినుంచీ అంతేనండి."

"మొదటినుంచీ అంటే? మీరు బాధ్యతలు స్వీకరించక పూర్వమా, తదుపరా? బాధ్యత నిర్ధారించాలి కదా."

"పూర్వమేనండి. కొన్ని లక్షల ఏళ్ల పూర్వం."

"మరి పై అధికారుల దృష్టికి ఎందుకు తేలేదు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని మొండికేసే వాళ్లను చూశాను. ఈయన కుందేలును పట్టుకోకుండానే కాళ్లు లెక్కపెడుతున్నారు. నేను మాత్రం చేతులు కట్టుకుని, "పొరపాటైందండి" అన్నాను. లక్షల ఏళ్ల పొరపాటు ఒక్క క్షణంలో నా నెత్తికెత్తుకున్నాను.

సహజ న్యాయ సూత్రాల ప్రకారం అవతలి పక్షం వాదన వినకుండా చర్య తీసుకోకూడదట. అందుకని కుందేళ్లకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. "మీ ఎముకల అంచులయందు వలయములు లేకపోవుటకు కారణమేమి? వారం దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను. లేనిచో మీరు చెప్పుకొనదగినది ఏమియు లేదని భావించబడును." దాన్ని బోనులకు అతికించే బాధ్యత నాది. అతికించాను.

మర్నాడు పొద్దున కుందేళ్ల గది చూసుకునే మౌలాలి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, ఆ చెవి చినిగిన ముసలిది లేదూ, అది కాయితం తినేసినాది."

"మొత్తమా?"

"సంతకం ఇడిసిపెట్టింది సార్. సిరా చేదు గదా."

డైరెక్టరు గారికి ఫోను చేసి చెప్పాను. ఆయన క్షణం ఆలోచించి, "అయితే నోటీసు స్వీకరించినట్టే. జవాబు ఇచ్చిందా?" అన్నారు. ఇచ్చిందండి, మౌలాలి ఊడ్చేశాడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఇంకా లేదండి" అన్నాను.

తర్వాత కుందేళ్లను మార్చేద్దామన్నారు. టెండరు పిలిచారు. పటంతో సరిపోలే ఎముకలున్న కుందేళ్లే కావాలి, ఎముకల ధ్రువపత్రం ముందుగా జతచెయ్యాలి అని షరతు. ఎముక చూడాలంటే కుందేలు చావాలి. చచ్చిన కుందేలును పశుసంపద పద్దులో కొనకూడదు. ఈ చిక్కు నేను వివరించాక కొనుగోళ్ల అధికారి నన్ను చాలా అనుమానంగా చూశాడు, చావు అనేది నేనే కనిపెట్టినట్టు.

అప్పుడు విరూపాక్షయ్య గారికి అసలైన ఆలోచన వచ్చింది. "శిక్షించడం కన్నా తీర్చిదిద్దడం మిన్న. వాటికి ప్రమాణం ఏమిటో మనం ఎన్నడైనా చెప్పామా? చెప్పకుండా పాటించమంటే ఎలా?"

అలా కుందేళ్లకు అవగాహన సదస్సు ఏర్పాటైంది. బోనులకు ఎదురుగా ఆమోదిత పటాన్ని పెద్ద ఫ్లెక్సీ వేసి కట్టారు. దీపం వెలిగించారు. వేదిక మీద నలుగురు కూర్చున్నారు. ప్రధాన వక్తను నేను.

ఏం మాట్లాడానో వివరంగా చెప్పడం సిగ్గుచేటు. "ప్రియమైన కుందేళ్లారా" అని మొదలుపెట్టాను. ఎముక నిర్మాణం గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. నిజం ఒప్పుకోవాలి, నా జీవితంలో అంత మంచి శ్రోతలు దొరకలేదు. ఒక్కరూ ఫోను తియ్యలేదు. చెవులు నిక్కబొడుచుకుని విన్నారు. చెవి చినిగిన ముసలిది ముక్కు ఎగరేస్తూ కన్నార్పకుండా చూస్తుంటే, నేను ఉత్సాహం పట్టలేక నా సిద్ధాంత గ్రంథంలోని నాలుగో అధ్యాయంలోకి కూడా వెళ్లిపోయాను. వేదిక మీదివాళ్లు గడియారాలు చూసుకున్నారు. కుందేళ్లు చూసుకోలేదు.

సదస్సు అయ్యాక బయట వేపచెట్టు కింద కుళ్లాయమ్మ కనిపించింది.

"సార్, నాది ఏమైంది?"

"విచారణ చివరి దశలో ఉందమ్మా."

"హాస్టలు అక్క పెట్టె సర్దుకోమన్యాది. సోమారం కొత్త సెమిస్టరు." మళ్లీ తనే అడిగింది. "మీరు చెప్పకూడదా సార్, కుందేలుది అట్లే ఉంటాదని? మీకు తెలుసు గదా."

"తెలుసమ్మా. చెప్పడానికి ఒక పద్ధతుంది" అన్నాను. ఆ పద్ధతేమిటో నాకే తెలియదు. అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడితే ఏడుస్తానేమోనని, పనున్నట్టు చేతులూపుకుంటూ వెళ్లిపోయాను.

మర్నాడు విరూపాక్షయ్య గారు నన్ను ఒంటరిగా పిలిపించారు. బల్ల మీద నా ఫైలు ఉంది. దాని మీద ఆయన కాఫీ కప్పు ఉంది.

"ద్వారకనాథ్ గారూ, సదస్సు విజయవంతమైందని పత్రికలకు ఇచ్చేశాం. ఇప్పుడు ఫలితం కనబడాలి. సరిపోలే స్లైడు ఒక్కటి చూపించండి. విచారణ ముగుస్తుంది, మీ ఫైలు కదులుతుంది. రెండూ ఒకేరోజు."

"మరి ఆ అమ్మాయి?"

"కుందేలు సరిపోలిందంటే అమ్మాయి బొమ్మ తప్పనే కదా అర్థం. పాపం, మానవతా దృక్పథంతో ఇంకో అవకాశం ఇద్దాం. కొత్త స్లైడు చూసి గీయమనండి."

ఆ స్లైడు ఎక్కడుందో నాకు తెలుసు. మా బీరువాలో ముసలి కుక్క తొడ ఎముక స్లైడు ఉంది. ముసలి కుక్క ఎముకలో వలయాలు పండగ నాటి బస్టాండులా కిక్కిరిసి ఉంటాయి. దాని చీటీ నీళ్లతో తడిపితే ఊడొచ్చింది. "కుందేలు" అని కొత్త చీటీ అంటించాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు. రెండో పూట సహించింది.

శుక్రవారం విచారణ సంఘం చివరి సమావేశం. ఈసారి విరూపాక్షయ్య గారి తల నేనే కాస్త జరిపి కన్ను సరిగ్గా పెట్టించాను. ఆయన చూసి, పటం చూసి, మళ్లీ చూసి, చప్పట్లు కొట్టారు.

"దారికి వచ్చింది! చెప్పానా, అవగాహన కల్పిస్తే మారని ప్రాణి లేదు!"

కుళ్లాయమ్మను పిలిచారు. ఆ పిల్ల పెట్టె సర్దుకుని, దాన్ని వరండాలో పెట్టి వచ్చింది. మైక్రోస్కోపు ముందు కూర్చుంది. తలెత్తి గోడవైపు ఒక్కసారి కూడా చూడలేదు. నింపాదిగా గీసింది. చివర్న జంతువు పేరు రాసి కాగితం ఇచ్చింది.

డైరెక్టరు గారు కాగితాన్ని పటం పక్కన పెట్టి చూశారు. "అద్భుతం. నూటికి నూరు శాతం." అంటూ కిందికి చూసి ఆగిపోయారు. "ఇదేమిటమ్మా? కుక్క అని రాశావు?"

"కుక్కదే గదా సార్ ఇది."

"చీటీ మీద కుందేలు అని ఉంది."

"చీటీ సంగతి నాకు తెలీదు సార్. ఎముక కుక్కది. ఫిబ్రవరిలో మాకు ద్వారకనాథ్ సారే చూపించినారు. ఈ మూలన గాలిబుడగ ఉండాది చూడండి, అదే ఇది."

"అమ్మాయ్, నీ మేలు కోరి చెబుతున్నాను. కుక్క కొట్టేసి కుందేలు అని రాయి. ప్యాసయిపోతావు. ఒక్క మాట."

కుళ్లాయమ్మ పెన్ను పట్టుకుని కూర్చుంది. వరండాలో ఉన్న పెట్టెవైపు చూసింది. పెన్ను కింద పెట్టేసింది. "కాదు గదా సార్" అంది చిన్నగా.

అందరూ నా వైపు తిరిగారు. నేను సిద్ధంగానే ఉన్నాను. "కుందేలుదేనండి, సందేహం లేదు" అనే వాక్యం పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, అది అనడానికి నోరు తెరిచాను కూడా. ఇంతలో విరూపాక్షయ్య గారు నాకు సాయం చెయ్యబోయారు.

"నిపుణుల అభిప్రాయానికి ముందు ఇంకో అంశం. ద్వారకనాథ్ గారు తమ సిద్ధాంత గ్రంథంలో కుందేలు ఎముక అంచుల్లో వలయాలు లేవని రాసినట్టు తెలిసింది. అది పొరపాటని ఈ స్లైడు వల్ల రుజువైంది. కాబట్టి ఆ గ్రంథంలో అంచుల నిండా వలయాలు చేర్చి, సవరించి, తిరిగి సమర్పించాలని తీర్మానిద్దాం. వారి డాక్టరేటుకు ఏ భంగమూ ఉండదు."

"కుక్కదండీ అది!" అని ఎవరో అరిచారు. నేనే. "ముసలి కుక్కది! కుందేలుకు అంచుల్లో వలయాలుండవు! మా గైడుగారి మీద ఒట్టు, ఉండవు! నా పుస్తకంలో అక్షరం ముట్టుకున్నారంటే ఊరుకోను!"

చీటీ ఎవరు మార్చారని ఎవరూ అడగలేదు. అడిగితే అదో విచారణ సంఘం అవుతుంది, వాళ్లకు భోజనాల వేళైంది.

విరూపాక్షయ్య గారు మాత్రం చలించలేదు. గొప్ప అధికారులు నిజం ఎదురైనప్పుడే రాణిస్తారు.

"అంటే, ఆమోదిత పటానికి కుక్క సరిపోలింది."

"అవునండి."

"కుందేలు సరిపోలలేదు. సరిపోలదు."

"సరిపోలదండి."

"మరి ఇంకేం, సమస్య తీరిపోయింది! ఇకమీదట సిలబస్‌లో కుందేలు ఎముక అని ఉన్న చోట కుక్క ఎముక చూపవలెను. దానిని సమస్త విద్యా విషయక ప్రయోజనములకూ కుందేలుగానే పరిగణించవలెను. కుందేలును బోధన నుంచి తొలగించడమైనది. రాసుకోమ్మా" అన్నారు స్టెనోతో.

సంఘంలో ఉన్న న్యాయ సలహాదారు చెయ్యెత్తి లెక్క చెప్పాడు. ఉత్తర్వు రేపటి నుంచి అమల్లోకి వస్తుంది. పాత తేదీల నుంచి వర్తించదు. కాబట్టి ఈరోజు సాయంత్రం దాకా చట్టప్రకారం కుక్క కుక్కే. అమ్మాయి రాసింది సరైనదే.

కుళ్లాయమ్మ ప్యాసయింది. పెట్టె మళ్లీ హాస్టలుకు వెళ్లింది.

నా ఫైలు కూడా అన్న మాట ప్రకారం అదే రోజు కదిలింది, నా వైపుకు. "కుందేలు తొలగించబడినందున తద్విషయక నిపుణునికి పదోన్నతి కల్పించవలసిన అగత్యము లేదు" అని రాసి ఉంది. మా ఆవిడకు చూపిస్తే, "పోనీలెండి, పుస్తకమైనా మిగిలింది" అని జాడీ మీద దాన్ని సర్దింది.

కొన్నాళ్లకు కుళ్లాయమ్మ ఒక స్టీలు గిన్నె పట్టుకుని నా గదికొచ్చింది.

"మాయమ్మ జున్ను పంపింది సార్. అంతమంది ఆఫీసర్ల ముందర నిజం చెప్పిన సారుకు దండం పెట్టి రమ్మన్యాది."

నేను నిజం కోసం అరవలేదనీ, నా పుస్తకం మీద చెయ్యేశారని అరిచాననీ చెప్పి ఉండాల్సింది. జున్ను చాలా బాగుంది. చెప్పలేదు.

"ఇంకోటి సార్. సెలవుల్లో పిల్లలు చిన్న ప్రాజెక్టు చెయ్యొచ్చంట గదా. నేను కుందేలు ఎముక మీద చేస్తా. అంచుల్లో వలయాలు లేవు గదా, కుందేలు ముసలిదైతే వస్తాయేమో సూడాలని ఉంది."

ఇన్నేళ్లు ఎవరూ అడగని ప్రశ్న! దాని మీద ఒక అధ్యాయం నేను రాయాలనుకుని రాయలేకపోయాను. చెవి చినిగిన ముసలిది ఇంకా బోనులోనే ఉంది, దాని రోజులూ దగ్గర పడ్డాయి. సంతోషంగా దరఖాస్తు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఉత్తర్వు గుర్తొచ్చింది.

"కుదరదమ్మా. కుందేలు ఇప్పుడు లేదు. కుందేలు అని రాసిన ప్రాజెక్టును పైవాళ్లు ఆమోదించరు."

కుళ్లాయమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"దానికేముంది సార్" అంది, నాతో మొదటిసారి నవ్వుతూ. "అట్ట మీద కుక్క అని రాస్తాం. లోపల కుందేలే చేస్తాం."

ఏడాది చదువు పోతుందని తెలిసి కూడా కాగితం మీద అబద్ధం ఒక్క మాట రాయలేకపోయిన పిల్ల. ఎంత తేలిగ్గా అంది! ఇన్నాళ్లూ మా కాలేజీలో మేం పిల్లలకు ఏం నేర్పుతున్నామో నాకు అర్థమయ్యేది కాదు. వద్దమ్మా, నువ్వలా మాట్లాడకు అని చెప్పాలనిపించింది. మళ్లీ నేను రాయలేకపోయిన ఆ అధ్యాయం గుర్తొచ్చింది.

దరఖాస్తు మీద "కుక్క" అని నేనే గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను.